మొక్కకు వెలుగు, గోడకు సెగ

మేడ మీద గదులు పొలాలవుతున్నాయి. సూర్యుడి పనిని దీపాలు చేస్తున్నాయి. ఆ బరువు మోయడానికి గోడలోని వైర్లు సిద్ధంగా ఉన్నాయా అని అడిగేవారే లేరు.

కుంకుమ పువ్వు పండాలంటే కాశ్మీర్‌లోని పాంపోర్ నేల, అక్కడి చలి కావాలని చదువుకున్న తరం మనది. ఇప్పుడు మైదాన ప్రాంతపు నగరాల్లో, మండుటెండల ఊళ్లలో, మేడ మీద పదడుగుల గదిలో ఆ పువ్వు పూస్తోంది. దుంపలను ట్రేలలో పేరుస్తారు. చలిని చిల్లరు, తేమను హ్యూమిడిఫయర్, వెలుగును ఎల్ఈడీలు ఇస్తాయి. కిలో కుంకుమ పువ్వుకు దాదాపు లక్షన్నర పూలు కావాలి. ధర లక్షల్లో పలుకుతుంది. ఉద్యోగం మానేసిన కుర్రాళ్లను, రిటైరైన పెద్దలను ఈ లెక్క ఇట్టే ఆకర్షిస్తోంది.

కుంకుమ పువ్వు ఒక్కటే కాదు. ఆకుకూరల మొలకలు, మట్టి లేకుండా నీళ్లలో పెరిగే లెట్యూస్, ఖరీదైన ఆర్కిడ్లు కూడా గదుల్లోకి వచ్చేశాయి. హైదరాబాద్‌లో మిద్దె తోటలు వేసి చేయి తిరిగినవారు కొందరు ఎండ తగలని బాల్కనీలోనూ, హాల్లోనూ అల్మారాలు పెట్టి దీపాలు బిగిస్తున్నారు. నిజానికి ఇదేమీ కొత్త విద్య కాదు. అరటి మొక్కలు తయారు చేసే టిష్యూ కల్చర్ ల్యాబుల్లో దశాబ్దాలుగా అరలకు ట్యూబులైట్లు కట్టి, రోజుకు 16 గంటలు వెలిగిస్తూనే ఉన్నారు. తేడా ఏమిటంటే, ల్యాబును ఆ పని కోసమే కట్టారు. ఇల్లు కట్టింది మనుషులు ఉండటానికి.

చిక్కంతా అక్కడే ఉంది. మన ఇళ్ల వైరింగు విరామానికి అలవాటు పడింది. గీజరు 2,000 వాట్లు తాగుతుంది, కానీ పావుగంటలో ఆగిపోతుంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కగానే తనంతట తానే కట్టేసుకుంటుంది. మిక్సీ సంగతి చెప్పనక్కర్లేదు. మధ్యలో దొరికే ఆ విరామంలో వైరు చల్లబడుతుంది. మొక్కల దీపానికి ఆ మర్యాద తెలియదు. రోజుకు 12 నుంచి 16 గంటలు, వారంలో ఏడు రోజులు, పంట చేతికొచ్చే దాకా అది వెలుగుతూనే ఉండాలి. వాతావరణం చల్లగా ఉంటుందని చాలామంది ఆ గంటలను రాత్రికి మారుస్తారు. అంటే ఇంటిల్లిపాదీ నిద్రపోయే వేళ వైరు మీద పూర్తి బరువు పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. పదడుగుల చదరపు గదిలో 250 వాట్ల దీపాలు నాలుగు. మొత్తం 1,000 వాట్లు. రోజుకు 16 గంటలంటే 16 యూనిట్లు, నెలకు 480. ఈ వెయ్యి వాట్లలో దాదాపు సగం దీపం వెనకాలే వేడిగా మిగులుతుంది. మిగతా వెలుగు కూడా ఆకుల మీద, గోడల మీద పడి చివరికి వేడిగానే మారుతుంది. అంటే మూసిన గదిలో వెయ్యి వాట్ల హీటరు పెట్టినట్టే. దాన్ని చల్లార్చడానికి ఏసీ కావాలి. దానికి ఓ 1,500 వాట్లు. పంపు, ఫ్యాన్లు, తేమ యంత్రం కలిపి మరో 500. మొత్తం 3,000 వాట్లు. 230 వోల్టుల మీద అది 13 ఆంపియర్లు.

16 ఆంపియర్ల సాకెట్ ఉంది కదా, ఇంకా 3 మిగిలాయిగా అని మీరు అనుకోవచ్చు. సరిగ్గా ఇక్కడే పొరబాటు జరుగుతుంది. మూడు గంటలకు మించి ఆగకుండా నడిచే లోడును అమెరికా విద్యుత్ స్మృతి ప్రత్యేకంగా చూస్తుంది. అలాంటి లోడుకు సర్క్యూట్ సామర్థ్యంలో 80 శాతానికి మించి కేటాయించకూడదని దాని సూత్రం. ఈ కొలమానంతో చూస్తే 16 ఆంపియర్ల సర్క్యూట్ మీద నిరంతరంగా వేయదగిన బరువు 12.8 ఆంపియర్లే. మన చిన్న గది అప్పటికే గీత దాటింది. ఇక 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గు విషయానికొస్తే, దాని పూర్తి సామర్థ్యమే 1,380 వాట్లు. దానికి ఓ ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఆ బోర్డుకు మరో బోర్డు తగిలించే ఇళ్లు ఎన్నో.

వైరు సంగతీ అంతే. 16 ఆంపియర్ల సాకెట్‌కు సాధారణంగా వేసేది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. కొట్లో 'టూ పాయింట్ ఫైవ్' అంటే ఇచ్చేది అదే. చవక ఎక్స్‌టెన్షన్ బోర్డు త్రాడులో రాగి అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా మిగిలిన త్రాడును నీట్‌గా చుట్టచుట్టి బీరువా వెనక పెడతారు. చుట్టలో వేడి బయటికి పోయే దారి లేదు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. అది దాటితే మెత్తబడుతుంది, పెళుసుబారుతుంది, చివరికి పగులుతుంది.

అయితే మంటలన్నీ అధిక లోడు వల్లే పుట్టవు. అంతకన్నా గుట్టుగా పని చేసే శత్రువు లూజు కనెక్షన్. సాకెట్ లోపల ఇత్తడి పట్టు వదులైందనుకోండి. పిన్నుకూ దానికీ మధ్య అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. 10 ఆంపియర్ల కరెంటు పారితే ఆ చిటికెడు చోట 50 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ టంకం వేసే సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ సాకెట్‌లో దూర్చి రాత్రంతా ఉంచినట్టు. వేడికి లోహం నల్లబడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి మరింత పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నా మీటరు దగ్గరి ఎంసీబీ కిమ్మనదు. ఎందుకంటే పారే కరెంటు మారలేదు.

లూజు కనెక్షన్ ఏం చేయగలదో ఈ దేశానికి ఒకసారి తెలిసింది. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. ఆ ఉదయమే హాలు కింది ట్రాన్స్‌ఫార్మర్‌కు మరమ్మతు చేశారు. కేబుల్ చివరను సరైన పరికరంతో బిగించలేదని, అది వదులై నిప్పురవ్వలు లేచాయని దర్యాప్తులో తేలింది. చనిపోయినవారిని మింగింది మంట కాదు, పొగ. దారులు మూసుకుపోయిన బాల్కనీలో వారికి ఊపిరాడలేదు. 2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. వారిలో పసిపిల్లలున్నారు. షార్ట్ సర్క్యూట్ కారణం కావచ్చని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. బయటపడే దారి ఇరుకు. ఈ రెండు చోట్లా మొక్కల దీపాలు లేవు. కానీ నిప్పు, పొగ, ఇరుకు దారి అనే వరుస ఎక్కడైనా ఒకటే.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో అగ్ని ప్రమాదాల మృతులు 7,400 మందికి పైనే. అందులో సగానికి పైగా నివాస గృహాల్లోని ప్రమాదాలవే. కరెంటు షాకుతో చనిపోయేవారు వేరే. 2021లో ఆ సంఖ్య 12,000 దాటింది. ఫ్యాక్టరీల కన్నా ఇళ్లే ఎక్కువ మందిని బలి తీసుకుంటున్న దేశంలో ఇంటినే చిన్నపాటి ఫ్యాక్టరీగా మారుస్తున్నప్పుడు కాస్త వెనకాముందు చూసుకోవద్దా?

ఎంసీబీ ఉందన్న ధీమా చాలామందిది. అదేం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవడం మంచిది. ప్రమాణాల ప్రకారం ఎంసీబీ తన రేటింగుకు 1.13 రెట్ల కరెంటు పారినా గంటసేపు ట్రిప్ కాకూడదు. 1.45 రెట్లు పారితే గంటలోపు ట్రిప్ కావాలి. అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను హాయిగా పోనిస్తుంది. 23 ఆంపియర్లనైనా దాదాపు గంట ఓర్చుకోవచ్చు. వైరు అందుకు తగినంత లావుగా ఉంటేనే ఈ ఓర్పు క్షేమం. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని 16 తీసి 32 పెట్టించుకునేవారు వైరును కాపలా లేకుండా వదిలేసినట్టే. పాత ఇళ్లలో ఫీజు ఎగిరిపోతే లావు రాగి తీగ చుట్టే అలవాటుకు ఇది కొత్త రూపం.

ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమో కాదో అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎక్కడో కారిపోతున్నాయంటే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. మనిషి ప్రాణం కాపాడేది అదే. అధిక లోడు మాత్రం దానికి పట్టదు. కాబట్టి రెండూ ఉండాలి. ఒకటి రెండోదాని పని చేయదు.

మొక్కల గదిలో ఆర్‌సీసీబీ ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఒక్క మాట చాలు, నీళ్లు. ఇవి మామూలు నీళ్లు కూడా కావు. ఎరువుల లవణాలు కరిగిన నీళ్లు, కరెంటును చక్కగా మోసుకుపోతాయి. తేమ యంత్రం విడిచే ఆవిరి సాకెట్ల మీద సన్నటి పొరగా కడుతుంది. దుమ్ము, ఉప్పు, చెమ్మ కలిసిన చోట ప్లాస్టిక్ ఉపరితలం మీదే కరెంటు దారి వెతుక్కుంటుంది. నల్లటి చారలు కనిపిస్తే అది వేసిన బాట అదేనని అర్థం. ట్రే కింద నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టడమంటే పంపు పైపు ఊడే రోజు కోసం ఎదురుచూడటమే. బోర్డు గోడకు, నీటి మట్టానికి ఎత్తుగా ఉండాలి. దీపం నుంచి వచ్చే త్రాడు నేరుగా సాకెట్‌లోకి దిగకూడదు. ముందు కాస్త కిందికి వంపు తిరిగి, ఆపైన సాకెట్‌కు ఎక్కాలి. త్రాడు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది.

మూడో పిన్ను కథ మరొకటి. లోహపు తొడుగున్న దీపాలకు ఎర్త్ ప్రాణం. సాకెట్‌లో పట్టడం లేదని రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తే ఆ ప్రాణం తీసేసినట్టే. ఎర్త్ వైరు ఉన్నా, అది చేరే ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే ఫలితం సున్నా. వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోయాలని పాత తరం ఎలక్ట్రీషియన్లు చెప్పేది చాదస్తంతో కాదు.

దీపాల్లోనూ రకాలున్నాయి. సోడియం, మెటల్ హాలైడ్ దీపాల గాజు కొన్ని వందల డిగ్రీల వేడెక్కుతుంది. ఎండుటాకు తగిలితే చాలు. కొన్ని మెటల్ హాలైడ్ దీపాలు ఆయువు తీరాక లోపలి గొట్టం పేలి వేడి ముక్కలు రాల్చగలవు కూడా. ఎల్ఈడీలు ఈ విషయంలో చాలా నయం. అయితే వాటి బలహీనత డ్రైవర్‌లో ఉంది. ఏసీ కరెంటును డీసీగా మార్చే ఆ చిన్న డబ్బా చవకదైతే దీపమంతా చవకే. మన దేశంలో ఎల్ఈడీ డ్రైవర్లు బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ పరిధిలో ఉన్నాయి. డబ్బా మీద 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉండాలి. అది నిజమైనదో కాదో 'బీఐఎస్ కేర్' యాప్‌లో చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో '1000 వాట్లు' అని అమ్మే చవక దీపాల్లో చాలావాటికి అంత శక్తి ఉండదు. అందులో పదో వంతు తీసుకునేవీ ఉన్నాయి. పెట్టె మీద అంకెను నమ్మి లెక్కలు వేయకండి. అసలు వినియోగం ఎంతో లేబుల్ మీద ఆంపియర్లలో చూడండి, లేదా ప్లగ్గులో పెట్టే మీటరుతో కొలవండి.

టైమర్‌ను కూడా అనుమానించాలి. దాని మీద 16 ఆంపియర్లని రాసి ఉంటే అది సాధారణంగా హీటరు లాంటి లోడుకు వర్తించే అంకె. ఎల్ఈడీ డ్రైవర్లు స్విచ్ వేసిన క్షణంలో మామూలుకు ఎన్నో రెట్ల కరెంటును గుటుక్కున మింగుతాయి. నాలుగైదు కలిసి మింగితే టైమర్ లోపలి కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోగలవు. ఇక దీపం ఆరదు. పెద్ద లోడును కాంటాక్టర్ మీద వేసి, టైమర్‌తో కాంటాక్టర్‌ను మాత్రమే నడిపించడం దీనికి మందు.

మన ఊళ్లకు ప్రత్యేకమైన ఆపద ఇంకొకటుంది. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400కు చేరువగా రావచ్చు. వీధి వీధంతా టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయన్న వార్తల వెనక తరచూ ఉండేది ఇదే. మనిషి లేని గదిలో రాత్రంతా వెలిగే దీపాలకు అధిక వోల్టేజి వస్తే కట్ చేసే రక్షణ ఉండి తీరాలి.

ఇక గది. చలి నిలవాలని కుంకుమ పువ్వు గదులకు పఫ్ ప్యానెళ్లో, థర్మాకోల్ షీట్లో వేస్తారు. వెలుగు వృథా కాకుండా గోడలకు మెరిసే ప్లాస్టిక్ షీట్లు కడతారు. మూలన ఎండిన కొబ్బరి పొట్టు బస్తాలు. ప్యానెళ్ల మధ్యనున్న పాలియురెథేన్ నురుగు అంటుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ వెలువడుతుంది. రెండు శ్వాసలకే మనిషి కూలబడవచ్చు. కోళ్ల ఫారాల్లో బ్రూడర్ బల్బును వరి పొట్టుకు దగ్గరగా వేలాడదీయకూడదని మన రైతులకు ఎప్పుడో తెలుసు. ఆ తెలివిడే ఇక్కడా కావాలి. దీపాన్ని ప్లాస్టిక్ త్రాడుతో కాక గొలుసుతో వేలాడదీయండి. దాని కింద, చుట్టూ అంటుకునేవి ఉంచకండి. ఇంటి మెట్లకు, బయటి తలుపుకు అడ్డం వచ్చే చోట ఆ గది ఉండకూడదు.

ఇదంతా వ్యక్తుల జాగ్రత్త. మరి వ్యవస్థ మాటేమిటి? జాతీయ భవన స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన భవనాలను ఎత్తైనవిగా లెక్కగట్టి, వాటి మీదే ఎక్కువ నిబంధనలు పెట్టింది. రెండంతస్తుల సొంతింట్లో మేడ మీది గదిని చూసే కన్ను లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో భద్రతా నిబంధనలను కొత్తగా జారీ చేసింది. కాగితం మీద లోటు లేదు. ఆచరణలో, కనెక్షన్ ఇచ్చిన రోజు తర్వాత వైరింగు ఎలా ఉందో చూడటానికి ఇంటికి ఎవరూ రారు. మీటరు రీడింగుకు మాత్రం నెలనెలా వస్తారు.

అసలు మెలిక ఇంకొకటి. గృహ కనెక్షన్ మీద వ్యాపారం చేస్తే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం అది అనధికార వినియోగం. రెట్టింపు టారిఫ్ లెక్కగట్టవచ్చు. పన్నెండు ట్రేల మొలకలు అమ్ముకునే గృహిణి వ్యాపారో కాదో తేల్చేది స్థానిక అధికారి. ఆ భయంతోనే చాలామంది అదనపు లోడుకు దరఖాస్తు పెట్టరు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవరు. తెలిసిన కుర్రాడితో పక్క గది నుంచి ఓ వైరు లాగించేస్తారు. దాచిన లోడే ప్రమాదకరమైన లోడు. నిప్పంటుకున్నాక బీమా కంపెనీ కూడా ఆ దాపరికాన్నే ఎత్తిచూపుతుంది. గదుల్లో సాగును ప్రోత్సహిస్తామంటున్న ప్రభుత్వాలు ముందు చేయాల్సింది చిన్న పనే. కొంత పరిమితి వరకు ఇంటి సాగును గృహ వినియోగంగానే గుర్తించి, అందుకు బదులుగా విడి సర్క్యూట్, ఆర్‌సీసీబీ, ఎర్త్ ఉన్నట్టు ఎలక్ట్రీషియన్ ధ్రువపత్రం అడగాలి. శిక్షణ తరగతుల పేరుతో వేలకు వేలు వసూలు చేసే సంస్థలు కూడా తమ పాఠాల్లో ఒక పూట దీనికి కేటాయించాలి. దుంపల ధర గురించి చెప్పినంత వివరంగా వైరు మందం గురించి కూడా చెప్పాలి.

ఆ రోజు వచ్చే వరకు భారం మీదే. మొక్కల గదికి మెయిన్ బోర్డు నుంచి విడి వైరు లాగించండి. లోడు ఎంతో ముందే రాసి ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టండి. దీపాలు వేసిన గంట తర్వాత ప్లగ్గు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేయి ఆనించలేకపోతే వెంటనే ఆపేయండి. పిన్ను చుట్టూ గోధుమ రంగు తిరిగినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఆ సాకెట్‌కు రోజులు చెల్లినట్టే. మూడు నెలలకోసారి టెర్మినల్ స్క్రూలు బిగించమనండి. పొగ పసిగట్టే అలారం గదిలో ఒకటి, మీరు పడుకునే చోట మరొకటి పెట్టండి. తలుపు బయట కార్బన్ డయాక్సైడ్ సిలిండరో, డ్రై పౌడర్ సిలిండరో ఉంచండి. లోపల ఉంచితే మంటను దాటి దాన్ని తెచ్చుకోవాల్సి వస్తుంది. నిప్పు కనిపిస్తే మెయిన్ ఆపండి, నీళ్లు చల్లకండి, తలుపు మూసి ఇంట్లోవాళ్లను బయటికి పంపి 101కో, 112కో ఫోన్ చేయండి. ట్రేలు కాపాడుకుందామని లోపలికి మాత్రం వెళ్లకండి.

మొక్క ఓపిక గలది. ఒక పూట వెలుగు తగ్గినా బతుకుతుంది. నారు పోతే మళ్లీ పోసుకోవచ్చు. దుంపలు కుళ్లితే వచ్చే ఏడాది కొత్తవి తెచ్చుకోవచ్చు. పక్క గదిలో నిద్రపోతున్నవారికి మాత్రం రెండో పంట ఉండదు.